ఏడు నిమిషాల పదిహేను సెకన్లు



మా వేములఘాట్ నుంచి తొగుట పోయే రోడ్డు పక్కన ఒక కిలోమీటరు రాయి ఉండేది. ఎండకూ వానకూ రంగు వెలిసి, దానిమీది అంకె సగమే కనిపించేది. బడిలో డ్రిల్లు సారుగా పనిచేసినన్నాళ్ళూ నా గ్రౌండ్ అదే. పిల్లవాణ్ణి ఆ రాయి దగ్గర నిలబెట్టి, తర్వాతి రాయి దాకా ఉరికి, దాన్ని ముట్టి, వెనక్కి రమ్మనేవాణ్ణి. నా మెడలో స్టాప్‌వాచీ. వాడు మలుపు తిరిగి మాయమైనప్పటి నుంచి మళ్ళీ కనిపించేదాకా నాకు పనేమీ ఉండేది కాదు. పక్క మడిలో నాటు వేసే ఆడవాళ్ళు పరాచికమాడేవారు. "ఎందుకు సారూ పోరన్ని ఉత్తగ ఉరికిస్తవ్? కుక్క ఎంటబడితే వాడే ఉరుకుతడు" అని.

ఆ రాయి ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ళ కింద ఉంది. 50 టీఎంసీల జలాశయం అది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. దానికోసం ఖాళీ అయిన ఎనిమిది గ్రామ పంచాయతీల్లో మాదొకటి. ఊరికి ఊరే గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి వైపు కట్టిన కాలనీకి వచ్చేసింది. రాయి పోయింది గానీ స్టాప్‌వాచీ నా దగ్గరే ఉంది. కొలువు నుంచి రిటైరైనా పిల్లలు వదలరు. తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు కొట్టి, "సార్, గ్రౌండ్‌కు పోదమా" అంటారు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు. వాళ్ళ ప్రాణమంతా ఒక్క అంకె మీద ఉంటుంది. ఏడు పదిహేను.

వినని వారికోసం చెబుతాను. మన రాష్ట్రంలో 2022 నాటి పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. అది దాటినవాళ్ళకే తర్వాత లాంగ్‌జంప్, షాట్‌పుట్. దాటనివాళ్ళు అటు నుంచి అటే బస్టాండుకు. మనుషులు చేత్తో గడియారం నొక్కే కాలం పోయింది, చిప్పు కట్టి ఉరికిస్తారు. ఏడు నిమిషాల పదహారో సెకనుకు వచ్చినవాడు దాన్ని బతిమాలలేడు.

ఆంధ్రప్రదేశ్‌లో అదే 1600 మీటర్లకు మగవాళ్ళకు 8 నిమిషాలు ఇస్తారు. సైన్యంలో అగ్నివీరుగా చేరబోయేవాడు 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు, 60. దూరం అదే, ఒంట్లో గుండె అదే, కాళ్ళు అవే. ఒకచోట ఏడుంబావు, ఒకచోట ఎనిమిది, ఇంకోచోట అయిదున్నర. మరి మనిషి ఫిట్టుగా ఉన్నాడని ఏ అంకెను చూసి చెప్పాలి? కాలనీ పిల్లలు నన్ను రోజూ అడిగే ప్రశ్న ఇదే. మొన్న షుగరున్న యాభై ఏళ్ళ పెద్దమనిషి కూడా అడిగాడు. "సార్, ఒక రౌండు ఉరికి చూపిస్త, నేను ఫిట్టా కాదా చెప్పున్రి" అని. ముందు డాక్టరు దగ్గరికి పోయి రమ్మన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

పరుగు గురించి మన భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి ఉరుకు, రెండోది దమ్ము. "వాడు మస్తు ఉరుకుతడు" అంటే వేగం గలవాడు. "వానికి దమ్మున్నది" అంటే చాలాసేపు ఆగకుండా పోగలవాడు. దమ్ము అంటే ఊపిరి, దమ్ము అంటే ధైర్యం కూడా. ఈ రెండు మాటలూ వేర్వేరని మన పెద్దలకు ఏ ప్రయోగశాలా చెప్పనక్కర లేకపోయింది. నాకు మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. అదెట్లాగో చెబుతాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేను ప్రతి పిల్లవాణ్ణీ వంద మీటర్లు ఉరికించి జాబితా రాసేవాణ్ణి. పైన ఉన్నవాడు ఆటగాడు, కింద ఉన్నవాడు చప్పట్లు కొట్టేవాడు. మేకలు కాసే ఇంటి పిల్లవాడొకడు ఎప్పుడూ కింది నుంచి రెండోవాడు. వాణ్ణి ఏ పోటీకీ తీసుకుపోలేదు. ఒక ఏడాది మండల స్థాయి పొడుగు పరుగు రోజున మా బడి పిల్లవాడికి జ్వరం వస్తే, పేరు ఖాళీ పోగూడదని వీణ్ణి తోలుకుపోయాను. చెప్పుల్లేకుండా ఉరికి మూడో స్థానంలో వచ్చాడు. వచ్చి, అలుపు లేకుండా, "సార్, బువ్వ ఎప్పుడు పెడ్తరు" అన్నాడు. అప్పటికి నాలుగేళ్ళుగా వాడు నా కళ్ళముందే ఉన్నాడు. రోజూ పొద్దస్తమానం మేకల వెంట తిరిగేవాడి దమ్మును నేను పదహారు సెకన్ల పరుగులో వెతికాను.

వంద మీటర్ల పరుగులో ఊపిరికి పెద్దగా పని లేదు. కండరంలో అప్పటికే దాచుకున్న ఇంధనంతోనే ఆ దూరం అయిపోతుంది. దూరం పెరిగేకొద్దీ గాలిలోంచి ఆక్సిజన్ తెచ్చుకుని మండించే పొయ్యి అంటుకుంటుంది. ఒళ్ళు మరిచి ఉరికేవాడికి ఆ రెండు పొయ్యిలూ సరిసమానంగా పనిచేసేది దాదాపు 75 సెకన్ల పరుగులో అని క్రీడా శాస్త్రం లెక్కగట్టింది. అంతకంటే ఎక్కువసేపు పట్టే పరుగు ఏదైనా ఎక్కువగా ఆక్సిజన్ మీదే నడుస్తుంది.

ఇక్కడ మన పోలీసు పరీక్షలో జరిగిన ఒక మార్పు గమనించదగ్గది. అంతకుముందు నియామకాల్లో మగపిల్లలకు 800 మీటర్లు 170 సెకన్లలో ఉండేది. అంటే నాలుగు వందల మీటర్ల రౌండుకు 85 సెకన్లు. ఇప్పుడు 1600 మీటర్లకు 435 సెకన్లు, రౌండుకు 108 సెకన్ల పైచిలుకు. చూడబోతే వేగం తగ్గింది, సులువైందనిపిస్తుంది. పిల్లలూ అట్లాగే అనుకున్నారు. దూరం రెట్టింపైనప్పుడు పరీక్ష అడిగేదే మారిపోతుందని గ్రౌండ్‌లో దిగాక తెలిసింది. పాత పరీక్షలో వయసు జోరుతో గట్టెక్కినవాళ్ళున్నారు. నాలుగు రౌండ్లలో జోరు రెండో రౌండుకే అయిపోతుంది.

రోజూ చూస్తుంటాను. విజిల్ ఊదగానే కోడెదూడల్లా పోతారు. మొదటి రౌండు 85, ఒక్కొక్కడు 80. రెండోది 100. మూడో రౌండులో డొక్కలో పోటు, మెడ వెనక్కి వాలుతుంది, చేతులు బరువెక్కుతాయి. ఆ రౌండు 125కు పడిపోతుంది. నాలుగోది ఏడుస్తూ పూర్తిచేస్తారు. "సార్, ఏడు ఇరవై మూడు. మళ్ల పోయింది." "ఎక్కడ పోయింది బిడ్డా?" "మూడో రౌండ్ల సార్." అందరూ మూడో రౌండు పేరే చెబుతారు. పోయింది మొదటి రౌండులోనే. మొదటి రెండు నిమిషాల్లో అప్పు చేసి, మూడో రౌండులో మిత్తి కడుతున్నారు.

2016లో మా ఊళ్ళో మల్లన్నసాగర్‌కు వ్యతిరేకంగా రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజులు గుర్తొస్తాయి. వందల రోజులు నడిచాయవి. ఊరి చుట్టూ పోలీసు పహరా. అదే ఊళ్ళో చీకటితో లేచి పోలీసు కొలువు కోసం ఉరికే పిల్లలు. ఒకరోజు కాపలాకు వచ్చిన కానిస్టేబులు ఒకాయన, నిద్రలేని కళ్ళతో నా పక్కన నిలబడి కాసేపు చూసి, "తమ్మీ, మొదటి రౌండు అంత జోరెందుకు, లాస్టుకు దాసుకో" అని కేకేశాడు. ఆ పిల్లవాడు ఆయన మాట విన్నాడు గానీ నా మాట వినలేదు. యూనిఫారం మహిమ.

దమ్మును అంకెల్లో పట్టుకోవచ్చని చూపిన ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు, ఆర్చిబాల్డ్ హిల్. కండరాల మీద పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతటి పెద్దమనిషి, వీపుకు సంచి కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, గడ్డి నేల మీద గుండ్రంగా ఉరికాడు. తాను వదిలిన గాలిని ఆ సంచిలో పట్టి, ఎంత ఆక్సిజన్ వాడుకున్నాడో లెక్కపెట్టాడు. వేగం పెంచుకుంటూ పోతే ఒక దగ్గర ఆ వాడకం ఇక పెరగదని, ప్రతి మనిషికీ ఒక గరిష్ఠ హద్దు ఉంటుందని 1923లో రాశాడు. ఇవాళ చేతి గడియారాలు చూపించే వీఓటూ మాక్స్ అనే అంకె పుట్టింది అక్కడ.

కానీ ఊరూరా గొట్టాలూ సంచులూ ఎక్కడ తెస్తాం? అమెరికా వైమానిక దళంలో కెన్నెత్ కూపర్ అనే డాక్టరుకు ఇదే సమస్య వచ్చింది. వేలమంది సైనికులు, ప్రయోగశాల ఒకటో రెండో. ఆయన 115 మందిని తీసుకుని, 12 నిమిషాలు ఉరికించి ఎంత దూరం పోయారో చూశాడు. వాళ్ళనే ప్రయోగశాలలోనూ పరీక్షించాడు. రెండు లెక్కలూ చాలా దగ్గరగా కలిశాయి. 1968లో ప్రచురించాడు. కూపర్ సూత్రం చిన్నది. 12 నిమిషాల్లో పోయిన మీటర్ల నుంచి 505 తీసేసి, మిగిలినదాన్ని సుమారు 45తో భాగించాలి. 2400 మీటర్లు పోయినవాడికి 42 వస్తుంది. అంటే కిలో బరువుకు నిమిషానికి 42 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలడని. 2000 మీటర్లు పోతే 33. బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు 1970 ప్రపంచకప్పుకు తయారైనప్పుడు ఈ పరీక్షనే వాడుకుంది. మా కాలనీ పిల్లలకు ఆ మాట చెబితే, "బ్రెజిలోళ్ళు గూడ మనలెక్కనే ఉరికిండ్రా సార్" అని ఆ వారమంతా మహా ఉషారుగా ఉన్నారు.

నేను దీన్ని మెచ్చుకోవడానికి కారణం వేరే ఉంది. పోలీసు పరీక్షలో దూరం ఖాయం, కాలం మీద తీర్పు. కూపర్ పరీక్షలో కాలం ఖాయం, దూరం నీ ఇష్టం. పన్నెండు నిమిషాలు అయ్యేసరికి అందరూ ఒకేసారి ఆగుతారు. ఆఖరున ఒంటరిగా కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడు, వాడికోసం ఎదురుచూసేవాళ్ళ నవ్వులు, ఇవేవీ ఉండవు. లావుగా ఉన్న పిల్లవాడు కూడా రెండోసారి వస్తాడు. డ్రిల్లు సారుకు అంతకన్నా ఏం కావాలి?

అంకెను నమ్మవలసినంత నమ్మాలి. టెక్సాస్‌లో కూపర్ పెట్టిన సంస్థకు వచ్చిన 13,344 మందిని ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి, సగటున ఎనిమిదేళ్ళకు పైగా గమనించారు. ఆ ఫలితాలు 1989లో వచ్చాయి. మగవాళ్ళలో అందరికంటే దమ్ము తక్కువున్న అయిదో వంతులో, వయసు తేడా సర్దాక, ఏటా పదివేల మందికి 64 మరణాలు. దమ్ము అందరికంటే ఎక్కువున్న అయిదో వంతులో 18.6. ఆ రెండు కొసల మధ్య తేడా కంటే నన్ను ఆకట్టుకున్నది రెండో మెట్టు. అట్టడుగు నుంచి ఒక్క మెట్టు పైకి వచ్చినవాళ్ళలోనే ఆ 64 కాస్తా 25కు దగ్గరగా పడిపోయింది. ఆ పైన ఎన్ని మెట్లు ఎక్కినా లాభం నెమ్మదిగానే. ఏడున్నర నిమిషాలను ఏడుకు దించడానికి పిల్లవాడు పడే తపన ఉద్యోగం కోసం. ఆయుష్షు కోసమైతే అసలు లేవనివాడు లేచి నడిస్తే చాలావరకు పని అయిపోయినట్టే.

ఇక నమ్మకూడని చోట గురించి. మన అంబటి రాయుడు సంగతి శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. 2018 ఐపీఎల్‌లో 602 పరుగులు కొట్టాడు. ఇంగ్లండుతో వన్డేలకు జట్టులోకి తీసుకున్నారు. ఆ జూన్‌లో యో-యో పరీక్ష పెట్టారు. 20 మీటర్లు పోయి రావడం, పది సెకన్లు ఆగడం, మళ్ళీ పోయి రావడం, ప్రతిసారీ బీప్ మోత తొందరపెడుతుంది. అప్పటి గీత 16.1. రాయుడు దాటలేదు. జట్టులోంచి తీసేసి సురేశ్ రైనాను పంపారు. కొన్ని నెలలకే రాయుడు తిరిగి ఆసియా కప్పు ఆడాడు. ఇంతకూ ఏప్రిల్, మే నెలల్లో 602 పరుగులు చేసిన మనిషి జూన్‌లో ఫిట్టా, కాదా? ఒంటికి నిలకడ ఉందో లేదో బ్యాటు ఒకలా చెప్పింది, బీప్ ఒకలా చెప్పింది. నా మట్టుకు నాకు ఆ గీత పెట్టడం తప్పనిపించదు. ఒక ఉదయం పూట వచ్చిన అంకెను మనిషి మొత్తానికి అంటగట్టడమే కష్టంగా తోస్తుంది.

ఇంకో సంగతి. పుట్టుకతో వచ్చే తేడా. అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు హెరిటేజ్ అనే పేరుతో ఒక అధ్యయనం చేశారు. 1999లో వెలువడిన ఫలితాల్లో 98 కుటుంబాల నుంచి 481 మంది. అందరికీ 20 వారాలు ఒకే రకం శిక్షణ, సైకిలు తొక్కించడం. సగటున ఆక్సిజన్ సామర్థ్యం నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ ఆ సగటు వెనక, దాదాపు ఏమీ పెరగనివాళ్ళున్నారు, లీటరు దాటి పెరిగినవాళ్ళున్నారు. ఒకే ఇంటివాళ్ళ పెరుగుదల ఒకరిదొకరికి దగ్గరగా ఉంది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "నువ్వు మనసు పెట్టి ఉరకట్లేదురా" అని ఎంతమందిని తిట్టానో. పక్కపక్కనే ఉరికి, ఒకే అన్నం తిని, ఒకడు ఆరు యాభైకి వచ్చి, ఇంకొకడు ఏడు ఇరవై దగ్గర ఆగిపోతే, రెండోవాడిని బద్ధకస్తుడన్నాను.

అందుకని ఇప్పుడు మా పిల్లలకు గడియారంతో పాటు నాడి పట్టడం నేర్పిస్తున్నాను. మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి, పొద్దున మంచం దిగకముందే నిమిషం పాటు లెక్క. వారాలు గడిచేకొద్దీ ఆ లెక్క తగ్గుతుంటే గుండె బలపడుతున్నట్టు. పరుగు ఆపగానే ఒకసారి, మెల్లగా నడుస్తూ సరిగ్గా నిమిషం తర్వాత ఇంకోసారి. ఆ నిమిషంలో నాడి 12 సార్లకు మించి దిగకపోతే మంచి సూచన కాదని క్లీవ్‌లాండ్ డాక్టర్లు 1999లో రాశారు. మా పిల్లల్లో చాలామందికి ముప్పైకి పైగానే దిగుతుంది. ఏడు ఇరవై దగ్గర ఆగిపోయినవాడికి నలభై దిగింది ఒకరోజు. "నీ గుండె మంచిగున్నది పో" అన్నాను. వాడు నవ్వాడు గానీ, గుండె మంచిగున్నంత మాత్రాన నోటిఫికేషన్ ఒప్పుకోదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

రోజూ 1600 కొట్టి టైం చూసుకునే అలవాటు కూడా మాన్పించాను. అది పెరుగుతున్న మొక్కను రోజూ పీకి వేరు చూసినట్టు. వారంలో నాలుగు రోజులు పక్కవాడితో మాట్లాడుతూ ఉరకగలిగే వేగం. మాట తెగిందంటే జోరు ఎక్కువైనట్టు. ఒక రోజు నాలుగు వందలవి అయిదారు, మధ్యలో నడక. టైం పదిహేను రోజులకు ఒక్కసారి. పిల్లలకు మొదట్లో ఇది నచ్చలేదు. మాట్లాడుకుంటూ ఉరికితే ఉద్యోగం ఎట్లా వస్తుందని ఒక తండ్రి నాతో పోట్లాటకు వచ్చాడు.

భయపెట్టాలని కాదు గానీ ఒకమాట చెప్పకుండా దాటలేను. 2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు మగవాళ్ళకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు, గంటలో పూర్తిచేయాలి. ఎండ, ఉక్కపోత. పదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వం పరుగును ఆపి, ఆ తర్వాత దూరాన్నే తగ్గించింది. ఇంటి దగ్గర ఎన్నడూ పది కిలోమీటర్లు ఉరకని పిల్లవాడు, ఉద్యోగం ఆశతో ఆ ఒక్కరోజు ఒళ్ళు చెప్పే మాట వినడు. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం. వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాలి. మా గ్రౌండ్‌లో ఆగినవాణ్ణి వెక్కిరించినవాడికి ఆ రోజు పరుగు లేదు, ఇంటికే.

ఆడపిల్లల గురించి. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు అంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. గట్టిగా నడిచేదానికీ ఉరికేదానికీ నడుమ ఉంటుంది. అయినా మొదటి వారంలో చాలామందికి అందదు. ఎందుకంటే పెద్దమనిషి అయిన రోజున ఆగిపోయిన ఉరుకు, మళ్ళీ ఇరవై రెండేళ్ళకు నోటిఫికేషన్ పడ్డాకే మొదలవుతుంది. వాళ్ళ ఊపిరితిత్తుల్లో లోపం లేదు. చీకట్లో రోడ్డు మీద ఉరకడానికి తోడు లేదు, అంతే. తల్లులు వంతులవారీగా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాక మూడు వారాల్లో అందరూ గీత లోపలికి వచ్చారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు రాసింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. మా మగపిల్లలకు ఈ అంకె చెప్పి, "మీరు ఒక రౌండు వేసేంతలో ఆమె దాదాపు రెండు రౌండ్ల దూరం లెక్కన పోతది" అంటే గ్రౌండ్ అంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం.

అగసర నందిని సంగతి ఇంకో రకం. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కంచు పతకం ఆమెది. రెండు రోజుల్లో ఏడు అంశాలు. హర్డిల్స్‌తో మొదలై 800 మీటర్లతో ముగుస్తుంది. అంటే ఉరుకు, దుముకు, విసురు అన్నీ అయ్యాక చిట్టచివర దమ్ము. మనిషి ఒంటిని కొలవాలంటే కనీసం ఏడు గడులు కావాలని ఆ ఆట తయారుచేసినవాళ్ళకు తెలిసినట్టుంది.

ఇప్పుడు మా కాలనీ పెద్దవాళ్ళ దగ్గరికి వస్తాను. ఊళ్ళో ఉన్నప్పుడు వీళ్ళలో ఎవరూ వ్యాయామం అనే మాట ఎరగరు. చెలకకు పోవడం, కలుపు తీయడం, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రావడం. భూమి పోయాక ఆ నడకంతా ఒక్క నెలలో ఆగిపోయింది. కాలనీ రోడ్లు సాఫుగా ఉన్నాయి, పోవడానికి చోటే లేదు. అరుగుల మీద కూర్చోవడం ఎక్కువైంది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, రెండు మెట్లెక్కి ఆయాసపడేవాళ్ళు నా కళ్ళముందే పెరిగారు. ఊళ్ళో వీళ్ళ దమ్మును ఎవరూ కొలవలేదు, అందుకని అది పోయినప్పుడు ఎంత పోయిందో చెప్పే అంకె కూడా లేదు.

వీళ్ళను ఉరకమనలేం కదా. ఆస్పత్రుల్లో గుండె, ఊపిరితిత్తుల రోగులకు ఆరు నిమిషాల నడక పరీక్ష ఒకటి చేస్తారు. సమతలంగా ఉన్న చోట 30 మీటర్ల దూరానికి రెండు గుర్తులు పెడతారు. ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి, అలిస్తే ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, మళ్ళీ నడవవచ్చు. ఎంత దూరం నడిచారో అదే లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు మామూలుగా 400 నుంచి 700 మీటర్ల దాకా పోతారు. డాక్టరుకు చూపించుకుని వచ్చినవాళ్ళనే తీసుకుని, మా వీధిలో రెండు ఇటుకలు పెట్టి ఆదివారం పొద్దున ఇది మొదలుపెట్టాను. మొదటి వారం నలుగురు. వాళ్ళలో ఇద్దరు నా పరువు నిలపడానికి వచ్చినవాళ్ళు. ఇప్పుడు ఇటుకల దగ్గర వరస కడుతున్నారు. నడిచేవాళ్ళ కంటే లెక్కపెట్టేవాళ్ళ గొడవ ఎక్కువ. "నువ్వు ఇటుక ముట్టకుంటనే తిరిగినవ్" అని వియ్యంకులిద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

నా అంకె కూడా రాసుకుంటాను. ఇరవై అయిదేళ్ళప్పుడు ఆ రాయి నుంచి ఆ రాయికి పోయి రావడానికి, అంటే రెండు కిలోమీటర్లకు, నాకు ఏడున్నర నిమిషాలు పట్టేది. పోయిన నెల కాలనీ చుట్టూ అంతే దూరం పద్నాలుగు నిమిషాల పది సెకన్లు. అంతకుముందు నెల పద్నాలుగు నలభై. ఇరవై అయిదేళ్ళవాడితో నాకు పోటీ లేదు. వాడు ఉరికిన రోడ్డే ఇప్పుడు లేదు. అంతకుముందు నెల మనిషిని ముప్పై సెకన్లతో ఓడించాను, ఆ రోజంతా నా నడకే వేరు.

పోయిన ఆదివారం ఒక అవ్వ నడిచింది. డెబ్భై దాటి ఉంటుంది. మొదటిసారి 290 దగ్గర కూర్చుండిపోయిన మనిషి, ఈసారి 412 మీటర్లు. పుస్తకంలో రాస్తుంటే పక్కకు వచ్చి నిలబడి, "ఎంతైంది కొడకా?" అంది. చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మా ఇంటికాడికెంచి చెలకకు ఎంతుండె?" అని అడిగింది. "నేను కొలవలేదవ్వా, నువ్వే చెప్పు" అన్నాను.

"నడుమల చింతచెట్టు కింద ఒక్కసారి దమ్ము తీస్కునేటంత" అంది. అని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మళ్ళీ ఇటుక దగ్గరికి పోయి నిలబడింది.